ఫ్యాన్ తిరగకపోతే బోర్డు పోయినట్టేనా?

కంప్యూటర్ ఆన్ చేస్తాం. రోజూ కనిపించే బొమ్మ రాదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వస్తాయి: సీపీయూ ఫ్యాన్‌లో లోపం ఉంది, ముందుకు వెళ్ళాలంటే ఎఫ్1 మీట నొక్కండి అని. పెట్టె పక్క మూత విప్పి చూస్తే ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాన్ కదలకుండా నిలబడి ఉంటుంది. ఇక్కడి నుంచి ఆలోచన చాలాసార్లు ఒకటే దారి పడుతుంది. కొత్త ఫ్యాన్ తెచ్చి బిగిస్తారు. అదీ తిరగకపోతే మదర్‌బోర్డు పోయిందని తేల్చేస్తారు. ఫ్యాన్ ధర వందల్లో ఉంటుంది, బోర్డు ధర వేలల్లో. పాత ప్రాసెసర్‌కు సరిపోయే బోర్డు ఇప్పుడు బజారులో దొరకకపోతే ప్రాసెసర్‌నీ, మెమరీనీ కూడా మార్చాలి. అంటే గుప్పెడంత ఫ్యాన్ ఆగినందుకు కంప్యూటర్ మొత్తం కొన్నట్టే. రెండు ఫ్యాన్లు తిరగలేదన్న ఒక్క ఆధారం మీద బోర్డును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదని నా వాదన. ఎందుకు కాదో చెబుతాను, సరైన ఆధారాలు ఎలా సంపాదించాలో కూడా చెబుతాను.

తప్పు తీర్పుకు సగం కారణం మన సీలింగ్ ఫ్యాన్ అలవాటు. ఇళ్ళలో దశాబ్దాలుగా తిరుగుతున్న మామూలు సీలింగ్ ఫ్యాన్‌కు స్విచ్ వేస్తే కరెంటు వెళ్తుంది, కరెంటు వెళ్తే తిరగాలి. తిరగకుండా గుయ్‌మంటూ ఉండి, కర్రతో రెక్కను తోస్తే తిరిగిందంటే కండెన్సర్ పోయిందని పిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ లెక్క అక్కడ సరైనదే. కంప్యూటర్ ఫ్యాన్‌కు మాత్రం పనికిరాదు. అది పన్నెండు వోల్టుల డీసీ మీద నడిచే బ్రష్‌లు లేని మోటారు. ఈమధ్య రిమోట్‌తో వస్తున్న బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్లలో ఉన్నది ఈ జాతి మోటారే. రెక్కల మధ్య ఉన్న గుండ్రటి డిప్పకు లోపలివైపు అయస్కాంతపు పట్టీ ఉంటుంది. మధ్యలో కదలకుండా తీగ చుట్లు ఉంటాయి. అయస్కాంతం ఏ వైపుకు వచ్చిందో ఒక చిన్న చిప్పు కనిపెట్టి, దానికి తగ్గట్టు చుట్లలోకి కరెంటును మార్చి మార్చి పంపుతుంది. అందులో మార్చదగ్గ కండెన్సర్ అంటూ ఏదీ ఉండదు. చేత్తో తోస్తే తిరిగిందంటే మూడు అనుమానాలు మిగులుతాయి: బేరింగ్ బిగుసుకుపోయి ఉండాలి, లేదా మొదటి కదలికకు చాలినంత వోల్టేజీ అందకపోయి ఉండాలి, లేదా లోపలి చిప్పో చుట్టో దెబ్బతిని ఉండాలి. ఈ మూడింటిలో రెండు ఫ్యాన్‌వి. మిగిలిన ఒక్కటి కూడా చాలాసార్లు బోర్డు చెడిపోవడం వల్ల వచ్చింది కాదు.

అది ఎలాగో తెలియాలంటే ఫ్యాన్ తీగల పని తెలియాలి. మూడు తీగల ఫ్యాన్‌లో నలుపు నేల తీగ. దాని పక్కది పన్నెండు వోల్టులు తెచ్చేది. మూడోది వేగం చెప్పే తీగ. రెక్కలు ఒక చుట్టు తిరిగితే ఆ తీగ మీద రెండు స్పందనలు వస్తాయి. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యాన్ సెకనుకు నలభై స్పందనలు పంపుతుంది. బోర్డు వాటిని లెక్కపెట్టి వేగం తెలుసుకుంటుంది. నాలుగు తీగల ఫ్యాన్‌లో అదనంగా ఆజ్ఞ తీగ ఉంటుంది. 2004 నుంచి వచ్చిన ఇంటెల్ 775 సాకెట్ బోర్డులతో ఈ నాలుగు పిన్నుల పద్ధతి ఇళ్ళలోకి వచ్చింది. ఇందులో పన్నెండు వోల్టులు ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ఎంత వేగంతో తిరగాలో మాత్రం నాలుగో తీగ మీద సెకనుకు పాతికవేల సార్లు ఆరి వెలిగే సంకేతంతో బోర్డు చెబుతుంది. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ ఆజ్ఞ తీగ తెగిపోతే ఫ్యాన్ ఆగదు. ఆజ్ఞ ఏదీ అందనప్పుడు పూర్తి వేగంతో తిరగాలన్నది ఇంటెల్ రాసిపెట్టిన నియమం. కాబట్టి నాలుగు తీగల ఫ్యాన్ కదలకుండా ఉందంటే ఆజ్ఞ తీగ తెగిందన్న అనుమానాన్ని పక్కన పెట్టేయవచ్చు. హోరుమని మోగుతూ తగ్గనంటున్న ఫ్యాన్ దగ్గర మాత్రం మొదటి అనుమానం దాని మీదే.

అంటే ఇప్పటి ఫ్యాన్ సీలింగ్ ఫ్యాన్‌లా కరెంటు ఉంటే చాలు తిరిగేది కాదు, బోర్డు చెప్పినట్టు నడిచేది. అందుకే ఎందుకు తిరగడంలేదని అడిగే ముందు దాన్ని ఆగమని ఎవరైనా చెప్పారా అని అడగాలి. కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రాం అమరికల్లో, బోర్డు చల్లగా ఉంటే ఫ్యాన్‌ను పూర్తిగా ఆపేసే ఏర్పాటు చాలా బోర్డులలో ఉంది. గ్రాఫిక్స్ కార్డుల సంగతైతే చెప్పనక్కరలేదు. దాదాపు 2014 నుంచి, వేడి ఒక హద్దు దాటేదాకా ఫ్యాన్ కదలని కార్డులు మామూలైపోయాయి. కొన్ని పవర్ సప్లయ్‌లు కూడా అంతే, భారం పెరిగేదాకా వాటి ఫ్యాన్ నిద్రలోనే ఉంటుంది. వాటిని చూసి పాడైపోయిందని కంగారు పడేవాళ్ళు ఉన్నారు, కొత్తది కొన్నవాళ్ళూ ఉన్నారు. రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. బోర్డు మీద ఫ్యాన్ ప్లగ్గు తగిలించే పిన్నుల చోటును మూల అందాం. ఆ మూలకు రెండు పద్ధతులు ఉంటాయి. ఒకటి నాలుగో తీగ మీద ఆజ్ఞ పంపడం, రెండోది వోల్టేజీనే తగ్గించడం. రెండో పద్ధతిలో తక్కువ వేగం కోసం బోర్డు పన్నెండు బదులు నాలుగైదు వోల్టులు ఇచ్చిందనుకోండి. తిరుగుతున్న ఫ్యాన్ ఆ వోల్టేజీతో తిరుగుతూనే ఉండవచ్చు. ఆగి ఉన్న ఫ్యాన్ కదలడానికి మాత్రం అది చాలకపోవచ్చు. ఎద్దుల బండి సంగతే ఇది, లాగడం కన్నా మొదట కదిలించడం కష్టం. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కొత్త ఫ్యాన్ తెచ్చి అదే మూలలో పెట్టినా తిరగలేదంటే, ఆ మూలలో ఉన్న అమరిక కొత్త ఫ్యాన్‌కూ అదే తక్కువ వోల్టేజీ ఇచ్చి ఉండవచ్చు, లేదా అదే ఆగు అన్న ఆజ్ఞ ఇచ్చి ఉండవచ్చు. రెండు ఫ్యాన్లు తిరగకపోవడం బోర్డు చెడిందనడానికి రుజువు కాకపోవడం ఇందువల్లనే.

ఈ అనుమానం తీర్చుకోవడానికి పనిముట్లు అక్కరలేదు. ఆన్ చేసిన వెంటనే డిలీట్ మీటో ఎఫ్2 మీటో నొక్కితే బయోస్ తెరుచుకుంటుంది. అక్కడ ఫ్యాన్ అమరికల పేజీ ఉంటుంది. ఏసస్ బోర్డుల్లో దాన్ని క్యూ ఫ్యాన్ అనీ, గిగాబైట్ బోర్డుల్లో స్మార్ట్ ఫ్యాన్ అనీ అంటారు. పేరు ఏదైనా చేయవలసింది ఒకటే: పూర్తి వేగం అన్న దాన్ని ఎంచుకుని సేవ్ చేసి, మళ్ళీ ఆన్ చేయడం. ఫ్యాన్ తిరిగితే అక్కడితో కేసు ముగిసింది. అది ఇన్నాళ్ళూ చెప్పినట్టు వింటూనే ఉంది. మూడు తీగల ఫ్యాన్ అయితే వోల్టేజీ పద్ధతి ఉంచి, తక్కువ వేగం హద్దును కాస్త పైకి జరపాలి. నాలుగు తీగలదైతే ఆజ్ఞ పద్ధతికి మార్చాలి. ఇంకో సంగతి: ఫ్యాన్ కళ్ళ ముందు తిరుగుతూనే ఉన్నా బయోస్ సున్నా చూపించి, లోపం ఉందని మొండికేస్తుంది ఒక్కోసారి. అప్పుడు చెడింది మోటారు కాదు, వేగం చెప్పే మూడో తీగ. లేదా నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌కు బయోస్‌లో హెచ్చరిక హద్దు ఎక్కువగా పెట్టి ఉంది. 600 చుట్ల దగ్గర హద్దు పెట్టి ఉంటే 500 చుట్లతో చక్కగా తిరిగే పెద్ద ఫ్యాన్ కూడా దాని కంటికి నేరస్థుడే.

పూర్తి వేగం అడిగినా కదలకపోతే అప్పుడు మూత విప్పాలి. విప్పే ముందు ప్లగ్గును గోడ నుంచి తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. తీశాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు కొంత ఖాళీ అవుతుంది. పెట్టె లోహపు చట్రాన్ని ముట్టుకుంటే ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. పవర్ సప్లయ్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా దాని లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. ఇక రెక్కను వేలితో నెమ్మదిగా తిప్పి చూడాలి. మంచి ఫ్యాన్ తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగుతుంది. ఏదైనా తీగ రెక్కకు అడ్డుపడి ఉంటే అప్పుడే కనిపిస్తుంది. కొత్తగా ఏదైనా బిగించిన తరువాత ఫ్యాన్ ఆగిందంటే కారణం చాలాసార్లు ఆ అడ్డుపడిన తీగే, మదర్‌బోర్డుకు దానితో సంబంధమే ఉండదు. దుమ్ము పేరుకుని ఉంటే మెత్తటి బ్రష్‌తో దులపాలి. బ్లోయర్‌తో ఊదితే మాత్రం రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. విపరీతమైన వేగంతో తిప్పితే ఆ మోటారే డైనమోలా కరెంటు పుట్టించి బోర్డులోకి పంపవచ్చు, బేరింగ్ కూడా దెబ్బతినవచ్చు. వేలికి బరువుగా, గరగరగా తగిలితే బేరింగ్‌లో నూనె ఆరిపోయింది. ఇళ్ళలో ఇలాంటప్పుడు కొబ్బరినూనె చుక్క వేసే అలవాటు ఉంది. ఆ పని చేయవద్దు. దాదాపు 24 డిగ్రీల కింద కొబ్బరినూనె గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున సీసాలో కనిపించే ఆ తెల్లటి గడ్డే బేరింగ్‌లోనూ ఏర్పడుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క కొన్నాళ్ళు నడిపిస్తుంది. కొత్త ఫ్యాన్ వచ్చేదాకా అది సరిపోతుంది.

కరెంటు ఉన్నప్పుడు ఫ్యాన్‌ను కొద్దిసేపు కళ్ళతో గమనిస్తే ఇంకో ఆధారం దొరుకుతుంది, దాన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. పూర్తిగా చలనం లేని ఫ్యాన్ వేరు, కొన్ని సెకన్లకోసారి ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోయే ఫ్యాన్ వేరు. ఇప్పటి ఫ్యాన్లలో చాలావాటి చిప్పులకు ఒక జాగ్రత్త ఉంటుంది. తిప్పబోతే తిరగకపోతే చుట్లు కాలిపోకుండా కరెంటు ఆపేసి, కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తాయి. ఆ ఉలికిపాటు కనిపించిందంటే కరెంటు ఫ్యాన్ దాకా వస్తున్నట్టే. అయితే వస్తున్నది చాలడంలేదు, లేదా రెక్క తిరగలేకపోతోంది. బోర్డులో కరెంటు దారి పూర్తిగా తెగిపోయిందన్న మాట అక్కడే కొట్టుకుపోతుంది.

ఇంతవరకూ వచ్చినా తేలకపోతే అప్పుడు అసలైన పరీక్ష: మార్పిడి. ఇందులో నియమం ఒకటే, ఒకసారికి ఒక్కటే మార్చాలి. పెట్టె వెనక గోడకు గాలి బయటికి తోసే ఇంకో ఫ్యాన్ సాధారణంగా ఉంటుంది, అది తిరుగుతూ ఉంటుంది. తిరగని ఫ్యాన్ ప్లగ్గును ఆ తిరిగే ఫ్యాన్ మూలలో పెట్టండి. తిరిగే ఫ్యాన్ ప్లగ్గును అనుమానించిన మూలలో పెట్టండి. తీగ అందకపోతే వెనక ఫ్యాన్‌ను విప్పి చేతిలోకి తీసుకోవచ్చు. రెండు మూలలనూ ముందే పూర్తి వేగానికి పెట్టి ఉంచాలి, లేకపోతే పరీక్షకు అర్థం ఉండదు. ఫ్యాన్ ఎక్కడ పెట్టినా తిరగకుండా, మూల మాత్రం రెండో ఫ్యాన్‌ను తిప్పితే దోషం ఫ్యాన్‌ది. ఫ్యాన్ రెండో చోట తిరిగి, మూల మాత్రం ఏ ఫ్యాన్‌నూ తిప్పకపోతే దోషం మూలది. రెండూ చక్కగా తిరిగితే ప్లగ్గు సరిగా కూర్చోకపోవడమే కారణం, బిగించడంతోనే అది నయమైపోయింది. ఏ చోటా ఏదీ తిరగకపోతే ఫ్యాన్‌లోనూ, మూలలోనూ రెండింటా దోషం ఉన్నట్టు. కొత్త ఫ్యాన్ తెచ్చి పాత మూలలోనే పెట్టినవాళ్ళు ఈ పరీక్షలో సగమే చేశారు. మిగిలిన సగానికి రూపాయి ఖర్చు లేదు.

మల్టీమీటర్ ఉన్నవాళ్ళు మొదటే పిన్నుల మీద వోల్టేజీ చూస్తే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు అనవచ్చు. మీటరు మంచి సాక్షే, కాని అడగవలసిన తీరులో అడిగితేనే. వోల్టేజీ పద్ధతిలో ఉన్న మూల మీద పూర్తి వేగం పెట్టకుండా కొలిస్తే ఐదో ఆరో చూపించి, బోర్డు పోయిందన్న అబద్ధాన్ని అంకెల్లో చెబుతుంది. పైగా పక్కపక్కనే ఉన్న సన్నటి పిన్నుల మీద మీటరు మొన జారి పన్నెండు వోల్టులు నేల తీగను తాకితే, అప్పటిదాకా బాగున్న మూల నిజంగానే పోతుంది. చేయి తిరిగినవాళ్ళు కొలవవచ్చు. మిగతావాళ్ళకు మార్పిడి పరీక్షే మేలు. ఫ్యాన్ ఒక్కదాన్నే పరీక్షించాలంటే మీటరులో వేసే తొమ్మిది వోల్టుల బ్యాటరీ చాలు. నలుపు తీగను రుణ ధ్రువానికి, దాని పక్క తీగను ధన ధ్రువానికి తాకిస్తే మంచి ఫ్యాన్ నెమ్మదిగానైనా తిరుగుతుంది. ఇక్కడ రంగులతో జాగ్రత్త పడాలి. చాలా ఫ్యాన్లలో ఎర్రతీగ పన్నెండు వోల్టులది. పవర్ సప్లయ్ నుంచి వచ్చే తీగల్లో ఎరుపు ఐదు వోల్టులు, పసుపు పన్నెండు. ఎరుపును ఎరుపుతో కలిపి, ఐదు వోల్టులకు కదలని ఫ్యాన్‌ను చెడిపోయిందని పారేయడం తేలిగ్గా జరిగే పొరపాటు.

ఇంత శ్రమ ఎందుకు, ఫ్యాన్ ఆగినా ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుందిగా అనేవాళ్ళున్నారు. అందులో నిజం ఉంది. 2001 సెప్టెంబరులో కంప్యూటర్ల వెబ్‌సైటు టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు నడుస్తున్న కంప్యూటర్ల మీద నుంచి, ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు హీట్ సింక్‌నే ఎత్తేసి చూపించారు. ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్లు కాలిపోయాయి. ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని పని చేస్తూనే ఉంది. ఆ రక్షణ తరువాత అందరి ప్రాసెసర్లలోకీ వచ్చింది. ఇప్పుడు వంద డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే ప్రాసెసర్ నడక తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే మొత్తం ఆపేస్తుంది. దీనివల్లనే బయోస్‌లో కొద్ది నిమిషాలు ఉండి పరీక్షలు చేసుకోవడానికి మనకు వీలవుతోంది. అయితే అది ప్రమాదం నుంచి తప్పించే ఏర్పాటు. రోజువారీ పనికి దాన్ని నమ్ముకుంటే కంప్యూటర్ నత్తలా నడుస్తుంది, మధ్యలో ఆగిపోతుంది, చేస్తున్న పని పోతుంది. ప్రాసెసర్ చుట్టూ ఉన్న విద్యుత్ భాగాలు ఆ ఫ్యాన్ గాలితోనే చల్లబడుతుంటాయి, వాటి సంగతి ఆ రక్షణకు పట్టదు. మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. హీట్ సింక్ తన చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఎప్పటికీ కాలేదు. ఒక పనికి ప్రాసెసర్ గది కన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. జనవరిలో 25 డిగ్రీల గదిలో అది 70 దగ్గర ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 42 డిగ్రీల గదిలో అదే పనికి 87 అవుతుంది. ఆ మిగిలిన కాస్త ఎడంలో ఫ్యాన్ లేకుండా బతకమనడం కుదరదు. రోజూ ఎఫ్1 నొక్కి ముందుకు పోవడం, ఆ హెచ్చరిక రాకుండా బయోస్‌లో మూసేయడం రెండూ ఒకే తప్పు.

మూల నిజంగా పోయిందని మార్పిడిలో తేలిందనుకుందాం. ఒక మూలకు సాధారణంగా ఒక ఆంపియరు హద్దు ఉంటుంది. తీగలు చీల్చి నాలుగైదు ఫ్యాన్లు దానికే తగిలిస్తే అక్కడి చిన్న భాగం కాలిపోవచ్చు. అప్పుడైనా బోర్డు మొత్తాన్ని పారేయవలసిన పని లేదు. ప్రాసెసర్ పక్కనే చాలా బోర్డులకు రెండో ఫ్యాన్ మూల ఉంటుంది. దాన్ని వాడుకుని, ప్రాసెసర్ వేడిని బట్టే తిరిగేలా బయోస్‌లో పెట్టవచ్చు. ఫ్యాన్‌ను పవర్ సప్లయ్ పసుపు తీగకు నేరుగా కలిపేస్తే సరిపోతుందని కొందరు మెకానిక్‌లు అంటారు. తిరుగుతుంది, కాని రేపు ఆగిపోతే ఆ సంగతి బోర్డుకు తెలియదు, హెచ్చరిక రాదు. అంతకన్నా మంచి దారి ఉంది. కరెంటును పవర్ సప్లయ్ నుంచి తీసుకుని, ఆజ్ఞనూ వేగం లెక్కనూ మాత్రం బోర్డు పిన్నుల నుంచి తీసుకునే చిన్న ఫ్యాన్ హబ్‌లు దొరుకుతాయి. పన్నెండు వోల్టుల దారి మాత్రమే తెగి, మిగతా రెండు పిన్నులూ బాగుంటే పాత బోర్డు వాటితో నిక్షేపంగా పని చేస్తుంది.

కాబట్టి శ్రోతలకు నా విన్నపం ఒకటి. బోర్డు పోయిందని షాపులో చెప్పినప్పుడు వెంటనే ఒప్పుకోకండి. బయోస్‌లో పూర్తి వేగం పెట్టి, ఈ ఫ్యాన్‌ను వేరే మూలలో, వేరే ఫ్యాన్‌ను ఈ మూలలో పెట్టి మీ కళ్ళ ముందు చూపించమని అడగండి. మంచి మెకానిక్‌కు అది ఐదు నిమిషాల పని. అది చూశాకే కొత్త బోర్డుకు డబ్బు కట్టండి.